పెదబాబు మెడలో గడ్డ, నా కొట్లో రంగు

ఫరంపేటలో నేను ఫ్యాన్సీ కొట్టు పెట్టి ముప్ఫై రెండేళ్లయింది. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, పిన్నీసులు, తలకు వేసుకునే నల్ల రంగు, అన్నీ దొరుకుతాయి. ఇన్నేళ్లలో నా సరుకును ఎవరూ వేలెత్తి చూపలేదు. అలాంటిది పోయిన ఏడాది ఆగస్టులో మా పక్కింటి ఆరోగ్యమ్మ వదిన ఒక క్యారీబ్యాగు తెచ్చి నా కౌంటరు మీద పెట్టింది. లోపల విప్పని రంగు ప్యాకెట్లు పదకొండు. ఇవి నీ దగ్గరే ఉంచు వదినా, మా ఇంట్లో వద్దు అని చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు నా కొట్టు మెట్టెక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే ముందు ఆవిడ మొగుడి గురించి చెప్పాలి.

ఆయన పేరు పెదబాబు. నేను అన్నయ్యా అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. మాది తాళ్లరేవు దగ్గర పల్లెటూరు, వాళ్లది గోదారి ఒడ్డున దరియాలతిప్ప. మేము గుడికి, వాళ్లు చర్చికి. అయినా ప్రహరీ గోడ ఒకటే కాబట్టి వరసలు కలిశాయి. ఆయన తండ్రి, తాత, ముత్తాత అందరూ వల పట్టిన వాళ్లే. ఈయన మాత్రం పడవెక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా గోదారికి అప్పజెప్పేవాడట. ఒడ్డున కట్టేసి ఉన్న పడవలో కూర్చున్నా అదే తంతు. తండ్రి మూడేళ్లు ఓపిక పట్టాడు. వీడు వేటకు పనికిరాడని తేలాక రెండేళ్లు అగ్రహారం పొలాల్లో పురుగుమందు కొట్టే పనికి పంపాడు. అక్కడా పంపు మోస్తూ పాటలు పాడుకుంటుంటే విసిగిపోయి, చర్చిలో పాటలు నేర్పే పెద్దాయనకు అప్పగించాడు. ఆయన ఈయన చేతిలో ఒక పాత క్లారినెట్ పెట్టాడు. నీళ్ల మీద అరనిమిషం నిలవలేని మనిషి ఊరేగింపులో నాలుగు గంటలు నిలబడి వాయించాడు. ఇక ఆ కర్ర వదల్లేదు.

అప్పటి నుంచి వెంకన్న మాస్టారి బ్యాండు మేళంలో ఈయనే మొదటి క్లారినెట్. పెళ్లిళ్లు, మాత పండుగలు, ఆఖరి ప్రయాణాలు, దేనికైనా ఎర్ర కోటు వేసుకుని బయల్దేరాల్సిందే. గోదారి బ్రిడ్జి దాటి ఎదుర్లంక వైపు వెళ్లినా, ఇటు కోరంగి వైపు వెళ్లినా, క్లారినెట్ పెదబాబంటే తెలియనివాళ్లు ఉండరు. పెళ్లికూతురి తల్లిని ఏ పాటతో ఏడిపించాలో, తోడల్లుళ్లను ఏ పాటతో గెంతించాలో ఆయనకు బాగా తెలుసు. అంతకంటే ఎక్కువగా కబుర్లు తెలుసు. ఏ పెళ్లిలో పప్పులో ఉప్పు పడలేదు, ఏ పెళ్లికొడుకు బూట్లలో కాలు దూరలేదు, అన్నీ మోసుకొచ్చేవాడు.

ఆయనకు ముప్ఫై ఒకటో ఏట చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. ఇంటికొచ్చి భార్యతో, మాస్టారు ఒప్పుకోడట, ముందు వరసలో వాయించేవాడి తల నల్లగా ఉండాలట అని చెప్పాడు. నేను కొట్టు తెరిచిన మొదటి నెలలో ఆరోగ్యమ్మ వదిన నా దగ్గర కొన్న సరుకు ఆ నల్ల రంగే. నా మొదటి ఖాతాదార్లలో ఒకరని ఆవిడంటే నాకు మొదటి నుంచీ గౌరవం.

వదినది రొయ్యల షెడ్డులో పని. తెల్లారకముందే వెళ్తుంది, చేతులు మంచునీళ్లలో నానబెట్టి రొయ్యల తలకాయలు తీస్తుంది, సాయంత్రానికి వస్తుంది. వచ్చాక పొయ్యి, గిన్నెలు, బట్టలు. ఆదివారం చర్చిలో పూజకెళ్తుంది, వచ్చి మళ్లీ పొయ్యి. ఆవిడ ఒకచోట ఊరికే కూర్చోగా నేను చూసింది శనివారం మధ్యాహ్నాలే. షెడ్డు ఆ రోజు తొందరగా వదిలేస్తారు. పెరట్లో రేకుల చూరు కింద పీట వేసి మొగుణ్ణి కూర్చోబెట్టేది. మెడ చుట్టూ పాత తువ్వాలు, స్టీలు గిన్నెలో కలిపిన రంగు, చేతిలో అరిగిపోయిన బ్రష్షు. పాయ పాయా విడదీసి పూసేది. ఆయన ఆ వారం పెళ్లిళ్ల కబుర్లన్నీ చెప్పేవాడు. వదిన మామూలుగా నవ్వే మనిషి కాదు, ఆ గంటలో మాత్రం పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేది. వాళ్ల మాటలు వినాలని నాకేం సరదా లేదు. నా వంటింటి కిటికీ అటువైపు ఉంది, నేనేం చేయను.

ముందటేడు వేసవి పెళ్లిళ్ల హడావుడిలో ఆయన మెడకు ఎడం పక్కన ఉసిరికాయంత గడ్డ ఒకటి తేలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. వేరేవాళ్లయితే డాక్టరు దగ్గరికెళ్లేవాళ్లు. బ్యాండువాళ్ల తెలివి వేరు. వెంకన్న మాస్టారు గడ్డను రెండు వేళ్లతో పట్టి చూసి, ఇది ఊపిరి గడ్డ అని తేల్చేశారు. నలభై ఏళ్లు గాలి బిగబట్టి ఊదిన వాళ్లకే వస్తుందట. వాళ్ల గురువుగారికి కూడా ఉండేదట. డోలువాళ్లకు అరచేతిలో కాయలు కాసినట్టే క్లారినెట్‌వాళ్లకు మెడలో కాస్తుందని మేళమంతా ఒప్పేసుకుంది. ఇక మా అన్నయ్య గొప్ప చెప్పనలవి కాదు. కాలరు గుండీ విప్పి అందరికీ చూపించేవాడు. కొత్తగా వచ్చిన ట్రంపెట్ అతను ఆ గడ్డను ముట్టుకుని కళ్లకద్దుకున్నాడని నాకే స్వయంగా చెప్పాడు. నేనూ నమ్మాను. నాకు సంగీతం రాదు కాబట్టి నమ్మానని సర్దిచెప్పుకుంటున్నాను.

అలా ఏడాది గడిచింది. కుడి పక్కన ఇంకోటి వచ్చింది. రెండు పక్కలా సమానంగా ఊదుతున్నానని ఆయన ఇంకా సంబరపడ్డాడు. ఆ తర్వాత ఒక శనివారం రంగు పూశాక ఒళ్లు తుడుస్తున్నప్పుడు వదిన చేతికి చంకలో మూడోది తగిలింది. ఆవిడ తువ్వాలు కింద పెట్టి, "సంకతో కూడా ఊదుతున్నావేంటయ్యా?" అంది. సోమవారం షెడ్డు మానేసి మొగుణ్ణి కాకినాడ బస్సెక్కించింది. వాళ్లతో పాటు ఆయన తమ్ముడు ఇన్నయ్య కూడా వెళ్లాడు.

అక్కడ గడ్డలో ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కానింగు తీశారు. జూలైలో సంగతి తేలింది. జబ్బు పేరు ఫాలిక్యులర్ లింఫోమా. రక్తంలో ఒక రకం తెల్లకణాలు దారి తప్పి గ్రంథుల్లో పోగుపడే క్యాన్సరట. నెమ్మదిగా పెరిగే రకమట. డాక్టరు తేజస్విని అని చిన్నపిల్ల, ముప్ఫై అయిదేళ్లు కూడా ఉండవు. ఇది ఇప్పుడు ఏ బాధా పెట్టడం లేదు కాబట్టి మందులేమీ వద్దు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి, ముదిరితే అప్పుడు మొదలుపెడదాం, అలా కొందరికి ఏళ్లు గడుస్తాయి అని చెప్పింది. ఏడాది ఆలస్యం చేసినందుకు కూడా పెద్దగా తిట్టలేదట.

ఇది విని మా వీధి ఊరుకుంటుందా. క్యాన్సరని చెప్పి మందు ఇవ్వకపోవడమేమిటని ఒక్కొక్కళ్లూ డాక్టరు మీద మండిపడ్డారు. బళ్లో పాఠాలు చెప్పే ప్రసాద్ మాస్టారైతే తన చదువంతా ఖర్చు పెట్టి సెల్ టవరు వల్లే వచ్చిందని తేల్చారు. ఆ టవరు ఆయన డాబా మీద కాకుండా ఎదురింటి డాబా మీద పెట్టారని ఆయనకు ఎప్పటి నుంచో గుర్రు. వీధి చివరింటి జోసెఫినమ్మ రొయ్యల చెరువుల గాలి అంది. ఆవిడ కొడుకు రొయ్యల సాగులో దిగి అప్పుల్లో మునిగిపోయాడు. ఎవరికి దేని మీద కోపముందో అదే ఈయన జబ్బుకు కారణమైంది. పాపం పెదబాబు అన్నయ్య వచ్చిన ప్రతివాళ్లకూ అవునవునని తలూపి టీ ఇప్పించేవాడు. జబ్బు పేరు నోరు తిరక్క, దానికొక తాళం కట్టుకుని రోజూ పొద్దున్నే సాధకం చేసేవాడు.

ఇన్నయ్య గోల ఇంకో రకం. అన్నకొచ్చింది కాబట్టి తనకూ వస్తుందని, రోజంతా మెడ నొక్కుకుంటూ తిరిగాడు. నా కొట్టు దగ్గరాగి, అక్కా ఇక్కడ తగులుతోందేమో చూడు అని మెడ చాచేవాడు. నొక్కి నొక్కి చివరికి అక్కడ నిజంగానే వాచింది.

ఇంత గోలలో ఆరోగ్యమ్మ వదిన ఒక్క మాట మాట్లాడలేదు. వీధిలో అందరూ కారణాలు వెతుకుతుంటే ఆవిడకు కారణం ముందే దొరికేసింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆవిడ ప్యాకెట్లు తెచ్చి నా కౌంటరు మీద పడేసినప్పుడు నేను నా సరుకును అవమానించిందనే అనుకున్నాను. నేనేమైనా విషం అమ్మానా అని లోపల్లోపల ఉడికిపోయాను. కోపంతో అరలో ఉన్న రంగులన్నీ తీసి అట్టపెట్టెలో పెట్టాను, మర్నాడు ఎవరో అడిగితే మళ్లీ తీశాను. అద్దంలో చూసుకుంటే నా తలా నల్లగానే ఉంది, అదీ నా కొట్లో సరుకే. అప్పుడు నా మెడ నేనూ ఒకసారి తడుముకున్న మాట కూడా దాచను.

సెప్టెంబరు అయింది, అక్టోబరు అయింది. అన్నయ్య తల మీద వేలెడు వెడల్పున తెలుపు, దాని పైన నలుపు. నాకు నవ్వొచ్చేది. కానీ కిటికీలోంచి చూస్తే ఇంకోటి కనిపించేది, దానికి నవ్వు రాలేదు. వదిన ఆయనకు కంచం పెట్టి దూరంగా జరిగేది. నీళ్ల గ్లాసు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టేది. షెడ్డు నుంచి వచ్చి పంపు దగ్గర చేతులు తోమేది, మోచేతుల దాకా, సబ్బు కరిగిపోయేదాకా. ఆ చేతులతో మొగుణ్ణి మాత్రం ముట్టుకునేది కాదు. శనివారం మధ్యాహ్నం రేకుల కింద ఆయనొక్కడే కూర్చుని గోడకేసి చూసేవాడు. క్లారినెట్ కూడా తీసేవాడు కాదు.

నవంబరులో ఒకరోజు నా పౌరుషం చంపుకుని నేనే వాళ్ల పెరట్లోకి వెళ్లాను. ఏంటి వదినా నా మీద నీ కోపం అని నిలదీశాను. ఆవిడ బకెట్టు దగ్గర నుంచి లేవకుండానే చెప్పింది. ఆసుపత్రిలో మొదటి రోజు ఒక కుర్ర డాక్టరు కాగితం పెట్టుకుని ప్రశ్నలడిగాడట. పొలంలో మందులు కొట్టారా, కొట్టాను, రెండేళ్లు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, లేదు. కీళ్ల జబ్బులున్నాయా, లేవు. తలకు రంగు వేసుకుంటారా అని అడిగితే అన్నయ్య ఛాతీ విరుచుకుని, నేనెప్పుడూ వేసుకోలేదండి, ముప్ఫై రెండేళ్లుగా మా ఆవిడే వేస్తుంది, ఒక్క శనివారం తప్పలేదు అన్నాడట. పెళ్లాం గొప్ప చెప్పుకుంటున్నాననే అనుకున్నాడు ఆ మహానుభావుడు. కుర్ర డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

"రాసుకున్నాడు వదినా," అంది ఆరోగ్యమ్మ. "నేను సూస్తానే ఉన్నాను. ముప్ఫై రెండేళ్లు ఈ చేత్తోనే పూసేను కదా. గడ్డలొచ్చింది కూడా మెడలోనే కదా, రంగు కారేది అటే కదా."

మూడు నెలలుగా ఈ మనిషి మోస్తున్న బరువు ముందు నా కోపం ఎంత చిన్నదో తెలిసి సిగ్గేసింది. అమ్మినదాన్ని నేను, పాపం పంచుకోవాలంటే నాకూ వాటా ఉంది అని పక్కన కూర్చున్నాను. మూడు నెలల చూపు వాయిదా పడి, వెళ్లాల్సిన రోజు దగ్గర్లోనే ఉంది. ఈసారి నేనూ వస్తాను, ఆ డాక్టరమ్మనే అడుగుదామన్నాను. ఆవిడ వద్దనలేదు.

కాకినాడలో డాక్టరమ్మ గడ్డలు కొలిచి, ఏమీ పెరగలేదని చెప్పింది. అన్నయ్య ఆ మాట వినీవినకముందే, క్లారినెట్ ఊదుకోవచ్చా అని అడిగాడు. నిక్షేపంగా ఊదుకోండి, గడ్డకూ ఊపిరికీ సంబంధం లేదంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఊపిరి గడ్డ పరువు పోయినందుకు మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు నేను రంగు సంగతి ఎత్తాను.

ఆ పిల్ల మంచిది. బయట ఇంకా ఇరవైమంది కూర్చుని ఉన్నా విసుక్కోలేదు. వేలమంది రోగులను ఇలాంటి ప్రశ్నలే అడిగి పోల్చి చూస్తారట. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొన్ని సంగతులు మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తాయట. అన్నిటికంటే పెద్దది వయసే, అరవై దగ్గరపడ్డాక వచ్చే జబ్బు ఇది. తోడబుట్టినవాళ్లకో కన్నవాళ్లకో ఉంటే కొంచెం ఎక్కువ అవకాశం, అయినా అది చాలా తక్కువే, మీ ఇన్నయ్యగారిని మెడ వదిలేయమనండి అంది. ఏళ్ల తరబడి పురుగుమందులతో పని చేసినవాళ్లలో కొంత కనిపించింది. ఒంట్లో రక్షణే ఒంటి మీద తిరగబడే కీళ్ల జబ్బుల్లాంటివి కొన్ని ఉన్నాయి, వాటి మీదా అనుమానముంది. రంగు మాటకొస్తే, పంతొమ్మిది వందల ఎనభైకి ముందు దొరికిన పాత రంగులు వాడిన ఆడవాళ్లలో కాస్త తేడా కనిపించిందట. ఆ తర్వాత కంపెనీలు కొన్ని రసాయనాలు మార్చేశాయి. మీరు మొదలుపెట్టింది తొంభై రెండులో, పైగా ఈయన ఆడమనిషి కాదు అని నవ్వింది. ఇవేవీ లేనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది, ఇవన్నీ ఉన్నవాళ్లలో చాలామందికి రాదు అని కూడా చెప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆరోగ్యమ్మ వదిన మాత్రం కొంగు కొస చుట్టుకుంటూ అలాగే కూర్చుంది. తలెత్తి, "నా చేతి వల్ల రాలేదని సెప్పగలరామ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పి పంపేయొచ్చు, ఆ పని చేయలేదు. "వచ్చిందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా," అంది. "రాలేదని ప్రమాణం చేయమంటే మాత్రం, దేని గురించీ చేయలేను. ఒక మనిషికి ఇది ఎందుకొచ్చిందో మాకు ఇంకా తెలియదు."

నేను ఆ మాటలో మొదటి సగం పట్టుకున్నాను, వదిన రెండో సగం పట్టుకుంది. బస్సులో మొగుడి పక్క సీటు ఖాళీగా ఉన్నా ఒక వరస ముందుకెళ్లి కూర్చుంది. ఆయన కోరంగి దాటేదాకా కూనిరాగం తీశాడు, ఆ తర్వాత మానేశాడు. నాకు ఆ డాక్టరు మీద, రాసుకున్న కుర్రాడి మీద, గొప్పలు పోయిన ఈ పెద్దమనిషి మీద, అందరి మీదా కోపమొచ్చింది. జబ్బు మనిషి హాయిగానే ఉన్నాడు. జబ్బు లేని మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. ఇలాగే సాగితే ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరు కాకుండా పోతారని నాకు నిజంగా భయమేసింది.

డిసెంబరులో ముహూర్తాలు మొదలయ్యాయి. ఒక శనివారం మధ్యాహ్నం వెంకన్న మాస్టారు పెళ్లి మేళానికి పిలవడానికి వచ్చారు. జూలైలో ఆపిల్ పళ్లు పట్టుకొచ్చాక ఆయన రావడం మళ్లీ అప్పుడే. నేను పులిహోర గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. అన్నయ్య నల్ల జుట్టంతా అప్పటికి మంగలి కత్తిరించేశాడు. తల మొత్తం తెల్లగా మెరుస్తోంది. మాస్టారు చూసి, పెద్దరికం వచ్చిందని మెచ్చుకున్నారు. వచ్చే బుధవారం అగ్రహారంలో పెళ్లి, రావాలన్నారు.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఇక ఈయన్ని ముందు వరసలో పెట్టరు కదా, వెనకెక్కడైనా నిలబెట్టండి, జుట్టుకు రంగు మాత్రం మేము వేయం అని చెప్పింది. మాస్టారికి అర్థం కాలేదు. ఎందుకు పెట్టనని అడిగారు. తల నల్లగా ఉండాలని మీరే కదా అన్నారు అంది వదిన.

"నేనెప్పుడన్నానమ్మా?" అన్నారు మాస్టారు. "టోపీ పెట్టేసేక ఎవడి జుట్టు ఏ రంగో ఎవడికి తెలుస్తాదండి. మా మేళంలో రంగేసుకునేది ఈయనొక్కడే. ఏదో సోకు లెమ్మని ఊరుకున్నాం."

వదిన మొగుడి కేసి తిరిగింది. ముప్ఫై రెండేళ్లుగా ఆ ఎర్ర కోటు మీద ఆ పొడుగు టోపీ చూస్తూనే ఉన్నాను. చెవుల దాకా దిగి ఉంటుంది. దాని కింద జుట్టు ఎందుకు నల్లగా ఉండాలో నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు. ప్యాకెట్లు మాత్రం అమ్ముతూ పోయాను. మాస్టారు గాలి మారిందని గ్రహించి, బుధవారం సంగతి మరచిపోకండని చెప్పి స్కూటరెక్కేశారు.

అప్పుడు ఆరోగ్యమ్మ వదిన నోరు తెరిచింది. నాలుగు నెలల తర్వాత ఆవిడ గొంతు గోడ అవతల మా ఇంటి దాకా వినిపించేలా లేచింది. అబద్ధాలకోరన్నది, సోకులమారన్నది, మంచునీళ్లలో పగిలిన చేతులతో గంటేసి సేపు ఊడిగం చేయించుకున్నావన్నది. పడవలో వాంతులు చేసుకున్న రోజుల దగ్గర నుంచి ఒక్కటీ వదల్లేదు. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అన్నయ్య పీట మీద తల దించుకుని కూర్చున్నాడు. నేను వెళ్లిపోవాల్సింది, నిజమే. కాళ్లు కదల్లేదు.

తిట్టి తిట్టి ఆవిడ ఆగింది. మరెందుకు చెప్పావు ఆ అబద్ధం అని అడిగింది.

"నువ్వు వారమంతా షెడ్డులోనే ఉంటావు," అన్నాడాయన. "ఇంటికొస్తే పొయ్యి కాడుంటావు. ఆ గంటే నా కాడ కూర్చునేదానివి."

"కూర్చోమని అడగొచ్చుగా."

"అడిగేను. పెళ్లయిన కొత్తలో శానాసార్లు అడిగేను. పనుందన్నావు."

వదినకు గుర్తొచ్చినట్టుంది. ఆవిడకు ఎప్పుడూ పనుండేది, అబద్ధం కాదు. తలకాయలు తీసిన రొయ్యల్ని తూచి ఇచ్చి వచ్చిన మనిషికి ఇంట్లో ఇంకో పూట పని మిగిలే ఉంటుంది. నేనూ మా ఇంట్లో ఆ మాటే ఎన్నిసార్లు అన్నానో.

"ఆ రంగు వల్లే వచ్చిందనుకో," అన్నాడు అన్నయ్య, తలెత్తకుండానే. "వస్తే వచ్చింది. నన్నడిగితే మళ్లీ వేయించుకుంటాను."

ఆరోగ్యమ్మ ఏడ్చేసింది. నవ్వినప్పుడు అడ్డం పెట్టుకున్నట్టు పమిట కూడా అడ్డం పెట్టుకోలేదు, చిన్నపిల్లలా బయటికే ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు తగ్గాక ముఖం తుడుచుకుని, పెరట్లో నానుతున్న గిన్నెల కేసి ఒకసారి చూసింది. పొయ్యి మీద అన్నం కూడా ఉడుకుతోంది. నన్ను చూసి, వదినా, కాస్త ఆ అన్నం వార్చి పెడతావా అంది. పెళ్లయ్యాక తన వంటింట్లో ఇంకొకళ్ల చెయ్యి పెట్టనిచ్చింది అదే మొదటిసారి.

నేను లోపలికెళ్లి అన్నం వార్చాను. బయటికొచ్చేసరికి ఆవిడ ఆయన వెనక ఇంకో పీట వేసుకుని కూర్చుంది. రంగు లేదు, నూనె లేదు, దువ్వెన కూడా లేదు. రెండు చేతులూ ఆ తెల్లజుట్టులో పెట్టి, ఇక చెప్పు అంది. ఏం చెప్పను, నాలుగు నెలలుగా ఒక్క పెళ్లికీ వెళ్లలేదు కదా అన్నాడాయన. అయితే పాత పెళ్లే చెప్పు అంది. ఆయన మొదలుపెట్టాడు. వాళ్ల పెళ్లి సంగతే మొదలుపెట్టాడు.

గంట దాటింది. ఆవిడ లేవలేదు.